గుడ్డ తక్కువ పడింది

నేను కుట్టే బొంతలు ఎవరూ కప్పుకోలేరు. అప్పుడే పుట్టిన పిల్లకు కప్పినా కాళ్లు బయటే ఉంటాయి. జానెడు వెడల్పు, అంతకు కాస్త ఎక్కువ పొడుగు. గోడకు తగిలించి చూసుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు. ఈ ముక్క మా మొఘల్‌పురా గల్లీలో అందరికీ అర్థం చేయించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. "నీళ్లల్ల నానబెడితే గింతయ్యిందా అక్కా?" అని ఒకామె జాలిపడింది. పాలు పోసే ఆయన, "వేడి గిన్నె దించనీకి మస్తుంటది, నాకొకటియ్యమ్మా" అని అడిగాడు. ఎండకు గడప మీద ఆరేస్తే మా ఆడపడుచు దానికి కాళ్లు తుడుచుకుని మరీ లోపలికి వచ్చింది. ఆమెను మాత్రం నేను ఊరికే వదల్లేదు.

మా ఆయన లేడీస్ టైలర్. ఇంటి ముందుగదే దుకాణం. రెండు మిషన్లు, ఒక కటింగు బల్ల, ఒక నిలువుటద్దం. పెళ్లయినప్పటి నుంచి ఆ దుకాణానికి హుక్కులు, కాజాలు, తురుపాయి పని నాదే. గల్లీ అంతా ఆయన్ని మాస్టర్ అని పిలుస్తుంది. నేను కోపం వచ్చినప్పుడు మాత్రమే మాస్టర్ అంటాను. అంటే దాదాపు రోజూ అంటాను.

ఒక దసరాకు ముందు సజ్జ దులుపుతుంటే పైనుంచి గోనెసంచి ఒకటి నా నెత్తిన పడింది. లోపల ఉన్నవి గుడ్డపేలికలు కాబట్టి బతికాను. మూతి ఊడిపోయి గదంతా రంగులే. పట్టు, జరీ, మఖ్మల్, నెట్టు, పూలది, బుటాలది. కటింగులో మిగిలినవన్నీ పరుపులు కుట్టేవాళ్లకు వేస్తున్నానని ఆయన ఎన్నో ఏళ్లుగా నాకు చెబుతూ వచ్చాడు. పనికిరానివి పరుపులవాళ్లకు, పనికొచ్చేవి సజ్జ మీదికి పోతున్నాయని ఆ రోజు తెలిసింది. ఇంకా చూస్తే అటువంటి సంచులు వెనకాల వరసగా కూర్చుని ఉన్నాయి.

"ఇవేంది?" అని అడిగాను.

"కత్రన్."

"గింత పెద్ద పెద్ద ముక్కలు కత్రనా?"

"గుడ్డ ఎక్కువ తెస్తరు, మిగులుతది. ఎన్నడన్న అక్కరకొస్తదని పెట్టిన."

"ఇన్నేండ్లల్ల ఎన్నడన్న అక్కరకొచ్చిందా?"

"ఇప్పుడు నీ నెత్తికొచ్చింది గదా," అని మిషను తొక్కుకున్నాడు.

అప్పటికి నాకు ఆ పేలికల రంగులే కనిపించాయి కానీ వేరే ఆలోచన రాలేదు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే ఎదుటి గోడ మీద ఎప్పుడూ ఏదో ఒక పోస్టరు ఉంటుంది, దాన్ని తినడానికి ఎప్పుడూ ఒక మేక ఉంటుంది. ఆ రోజు కోచింగ్ సెంటరు పోస్టరులో మొదటి ర్యాంకు పిల్లాడిని తింటోంది. అది చూస్తూ చూస్తూ ఒక ముక్క తీసి మేకలాగా కత్తిరించాను. మా ఆయన పాత లుంగీ అడుగున, చిరిగిన దుప్పటి మధ్యన, పైన గోడ, గోడ ముందు మేక. అంచులు లోపలికి మడిచి తురుపాయి వేసి, చివరికి మొత్తం కలిపి పొడుగు కుట్లు వేశాను. సంచిలో గోధుమరంగు దొరకలేదు. జరీ పువ్వులున్న ఊదారంగు బ్రొకేడు దొరికింది. అందుకని నా మేక పెళ్లికి పోతూ దారిలో పోస్టరు తింటున్నట్టు తయారైంది. కాళ్లు నాలుగూ నాలుగు తీర్లు. అయినా నాకు అది ఎంతో నచ్చింది. రెండుసార్లు లేచి పోయి చూసుకున్నాను.

ఇక నా చెయ్యి ఆగలేదు. నీళ్ల ట్యాంకరు ముందు బిందెల వరుస కుట్టాను. కరెంటు తీగల్లో చిక్కుకున్న పతంగి కుట్టాను. ఒక్క స్కూటీ మీద నలుగురు పిల్లలను ఎక్కించుకుని బడికి పోయే తండ్రిని కుట్టాను. నాలుగో పిల్లకు చోటు చాలక బొంత అంచు మీదికి పోయింది, నిజంగా కూడా ఆ పిల్ల అలాగే కూర్చుంటుంది. మా గల్లీ మొదట్లో మధ్యాహ్నం పూట ఆటోలోంచి కాళ్లు బయటపెట్టి నిద్రపోయే డ్రైవరును కుట్టాను. ఆయన వచ్చి తన కాళ్లు గుర్తుపట్టాడు. "నా కాళ్లు గింత నల్లగున్నయా వదినా?" అని బాధపడ్డాడు. "గదే గుడ్డ దొరికింది అన్నా" అంటే, ఆ తర్వాత కొన్నాళ్లు బూట్లు వేసుకుని నిద్రపోయాడు.

నా బొంతలన్నింటికీ మొదటి ప్రేక్షకురాలు పక్కింటి ఖాలా. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్యన ఒకటే గోడ. మా అమ్మ ఈడు మనిషి. నన్ను బేటీ అంటుంది, మా ఆయన్ని మాస్టర్ అంటుంది. ఆమె ఇంట్లో ఎవరి పెళ్లయినా బట్టలు మా దుకాణంలోనే కుట్టాలి. రోజూ మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చి మా గడప పక్కన పీట మీద కూర్చుంటుంది. కాకపోతే అప్పటికి ఆమె రెండు కళ్లలోనూ పొర కమ్మింది. బొంతను ముక్కు దాకా తెచ్చుకుని చూసేది. మేకను చూసి, "కుత్తా అచ్ఛా హై" అంది.

"కుత్తా కాదు ఖాలా, మేక."

"మరి తోక గట్లున్నది?"

"అది తోక కాదు, పోస్టర్ చింపు."

"మంచిగున్నది బేటీ. కానీ కుక్కకు కొమ్ములెందుకు పెట్టినవ్?"

మా ఆయన ఆమె వెనకాల నిలబడి నవ్వుతూనే ఉన్నాడు. మొదట్లో నా బొంతలంటే ఆయనకు అంత చులకన. "బొంత కుడ్తే మనిషన్న కప్పుకోవాలె, గిన్నెన్న దించాలె. గిదేంది, గోడకు చలిపెడుతదా?" అనేవాడు. తర్వాత ఒకసారి కాలేజీలో పాఠాలు చెప్పే ఒక మేడమ్ బ్లౌజు కోసం వచ్చి, పతంగి బొంతను ఫోన్‌లో ఫొటో తీసుకుని, "మాస్టర్ గారూ, ఇది ఆర్ట్" అనేసి పోయింది. అంతే, ఆయన మనిషే మారిపోయాడు. వచ్చినవాళ్లకల్లా "మా ఇంట్ల ఆర్ట్ నడుస్తున్నది" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఒక పొద్దున స్టూలు ఎక్కి, నోట్లో మొలలు పెట్టుకుని, నా బొంతలన్నింటినీ దుకాణం గోడకు తానే వరసగా కొట్టాడు. బాగా కనపడాలని వాటి మీదికి కొత్త ట్యూబులైటు కూడా పెట్టించాడు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. ఆ రోజు ఆయనకు ఇష్టమని తలకాయ కూర వండాను.

ఇప్పుడు తలుచుకుంటే కడుపుబ్బ నవ్వొస్తుంది. దొంగ ఎక్కడైనా తెచ్చిన సొమ్మును గుమ్మానికి తోరణం కట్టుకుంటాడా? మా ఆయన కట్టుకున్నాడు, పైగా లైటు కూడా వేశాడు.

ఖాలాకు కంటి ఆపరేషను చేయించాలన్నారు. కొడుకులిద్దరూ దుకాణాలు వదిలి రాలేమంటే, మా ఆయనే ఆటో మాట్లాడి ఆసుపత్రికి తీసుకుపోయాడు, తీసుకొచ్చాడు. చుక్కలు వేయడానికి నేను పోయేదాన్ని. "ఖాలాకు కండ్లొస్తే నీ బొంతలు మంచిగ చూస్తది" అని ఆయనే అన్నాడు. ఆ మాట నేను తర్వాత ఆయనకు చాలాసార్లు గుర్తుచేశాను.

రంజాన్ ఇంకా కొంచెం దూరం ఉండగా, మనవరాలి పండగ బట్టల మూట పట్టుకుని ఖాలా మా దుకాణానికి వచ్చింది. నల్ల అద్దాలు తీసేసింది. ముందు నన్ను నిలబెట్టి చూసింది. "బేటీ, నువ్వు గింత ముసలిదానివెప్పుడైనవ్?" అంది. తర్వాత మా ఆయన్ని చూసి, "మాస్టర్, నెత్తికి రంగేస్తున్నవా?" అంది. ఆ తర్వాత తల ఎత్తి గోడ చూసింది.

"అరే, కుత్తా కాదు. బక్రా."

ఇన్నాళ్లకు నా మేక మేకయింది. నేను పొంగిపోయాను. ఖాలా దగ్గరికి పోయింది, మేక వీపు మీద వేలు పెట్టి రాసింది. జరీ పువ్వు మీద గోటితో గీకింది. వెనక్కి తిరిగి మా ఆయన వైపు చూసింది.

"యే తో మేరీ బేటీ కా షరారా హై."

ఆమె చిన్నకూతురి పెళ్లికి తెచ్చిన బ్రొకేడు అది. షరారా అంటే నడిచినప్పుడు కాళ్ల చుట్టూ గొడుగులా తిరగాలి. అప్పుడు మా ఆయన "గుడ్డ తక్కువ పడింది ఖాలా" అని ఆ తిరిగే ఘేరు తగ్గించి కుట్టాడట.

"మగపెళ్లోళ్లు నా మొఖం మీదనే అడిగిన్రు, పిల్ల షరారా వేసుకున్నదా, పైజామా వేసుకున్నదా అని. గుడ్డ తక్కువ పడిందని నేనే తలొంచుకున్న. ఇప్పుడేమో నా బిడ్డ ఘేరు నీ గోడ మీద పోస్టర్ తింటున్నది."

తేలు కుట్టిన దొంగలా ఉంది మా ఆయన మొహం. కానీ నోరు ఊరుకుంటుందా? "ఖాలా, ఆపరేషన్ అయినంక కొన్నొద్దులు రంగులు వేరే కనిపిస్తయంట" అన్నాడు.

"రంగులు వేరే కనిపిస్తే బుటాలు గూడ వేరే కనిపిస్తయా మాస్టర్?"

"చాయ్ తాగుతవా ఖాలా?"

"చాయ్ నక్కో. ఒక్కసారి నోటితోని చెప్పు, కప్డా కమ్ నై పడా థా, గుడ్డ తక్కువ పడలే అని. గంతే. నేనేం లొల్లి చెయ్య."

మా ఆయన కత్తెరను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. ఖాలా మూట చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

మా గల్లీలో మాటకు కాళ్లుండవు, ఇంజనే ఉంటుంది. పొద్దు వాలకముందే దుకాణం నిండా ఆడవాళ్లు. ఒకామె ట్యాంకరును చూసి, "గిది నా కుర్తా" అంది. ఇంకొకామె బిందెల్లో ఒక బిందెను పట్టుకుని, "గిది మా అత్తమ్మ షష్టిపూర్తి జాకిట్" అంది. స్కూటీ మీద నలుగురు పిల్లలూ నాలుగిళ్ల బట్టలు వేసుకున్నారని తేలింది. ఆర్ట్ అన్న మేడమ్ కూడా వచ్చింది, పతంగి కింద చాలాసేపు నిలబడింది. "ఇది నాదే మాస్టర్ గారూ. మీరు గుడ్డ తక్కువ పడిందంటే నేను మెడ వెనకాల వేరే గుడ్డ వేయించుకున్నాను" అంది. అందరికీ ఆయన చెప్పింది ఒకటే మాట. కనీసం మాటైనా మార్చి ఉండాల్సింది.

ఆయన సమాధానాలు వింటుంటే నాకే సిగ్గేసింది. ఇస్త్రీ పెడితే గుడ్డ దగ్గరికి ముడుచుకుందన్నాడు. ఎలుకలన్నాడు. చివరికి తనకు పని నేర్పి ఎప్పుడో చనిపోయిన ఉస్తాదును పట్టుకొచ్చాడు. "మా ఉస్తాద్ చెప్పిండు. బట్టలు వేసుకునేటోళ్లు రేపు లావైతరు, చంకల ముక్క వెయ్యాలంటే గదే గుడ్డ యాడ దొరుకుతది? అందుకే ఇంత ముక్క పక్కకు పెట్టాలె అని."

ఇందులో కొంత నిజం ఉంది. పెళ్లి జాకెట్టు పట్టక కూర్చున్న ఒకరిద్దరికి ఆయన అదే గుడ్డ తెచ్చి చంకలో అతికి ఇవ్వడం నేనే చూశాను. కానీ ఆ నిజం చెప్పాల్సిన సమయం అది కాదు.

"మేం లావైతమని ముందుగాలనే అనుకున్నవా?" అంది ట్యాంకరు కుర్తా ఆమె. ఇక ఆ తర్వాత ఆయన మాట ఎవరూ వినలేదు.

ఆడవాళ్లంతా కలిసి ఖాలా మాటనే ఖాయం చేశారు. ముక్కలు మాకొద్దు, నీ నోటితో ఒక్కసారి గుడ్డ తక్కువ పడలేదని చెప్పు, రంజాన్ బట్టలు మొత్తం నీకే ఇస్తాం, లేకపోతే ఇంకో టైలరును చూసుకుంటాం. న్యాయమైన మాటే. కానీ మా ఆయన మొండి. వాళ్లు పోయాక లోపలికి వచ్చి నా మీద పడ్డాడు.

"టైలర్ నోట్లకెళ్లి గా మాట వస్తే కత్తెర కింద పెట్టుడే ఇగ. అది తెలుస్తదా నీకు? ముందు ఆ బొంతలు పీకెయ్."

"మొలలు కొట్టింది నువ్వు. నువ్వే పీకు."

పీకలేదు. పీకితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని భయం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎందుకని, ట్యూబులైటు కూడా ఆర్పకుండా కూర్చున్నాడు. దాంతో రోజూ పొద్దునా సాయంత్రం జనం. దబీర్‌పురా నుంచి చుట్టాలను తీసుకొచ్చి మరీ చూపించారు. చూసేవాళ్లు చూస్తారు, నవ్వేవాళ్లు నవ్వుతారు, ఒక్కరి చేతిలోనూ బట్టల మూట ఉండదు. ఏటా ఆ సమయానికి మా దుకాణం ముందు "ఆర్డర్లు బంద్" అని బోర్డు వేలాడేది. ఈసారి ఆ బోర్డు తలుపు వెనకాలే ఉండిపోయింది. సందు చివరి టైలరు తన బోర్డు పెట్టేసి, తీరిగ్గా మా గోడ చూడటానికి వచ్చాడు. చూసి నవ్వలేదు పాపం. "భాబీ, మా ఇంటామెకు ఇవి నేర్పకుండ్రి" అని నన్ను బతిమాలుకుని పోయాడు.

నేను మా ఆయన పక్షమే. తప్పు చేశాడని తెలుసు, అయినా ఏడాది మొత్తానికి మాకు ఆ ఒక్క పండగే ఆధారం, ఖాళీ మిషనుకు నూనె వేస్తూ కూర్చున్న మనిషిని చూస్తే నాకు గుండె తరుక్కుపోయింది. వచ్చినవాళ్లతో నేనే పోట్లాడాను. ఇన్నేళ్లుగా మీ ఒళ్లకు సరిగ్గా కుట్టి ఇవ్వలేదా, అర్జెంటంటే పండగ పూట కూడా మిషను మీద కూర్చోలేదా అని అడిగాను. గోడ అవతలికి పోయి ఖాలాను బతిమాలాను.

"ఖాలా, మాఫ్ చెయ్యి. పెద్దదానివి."

"చేస్త బేటీ. కానీ మాఫ్ చెయ్యాలంటే తప్పు ఉండాలె గదా. తప్పే చెయ్యలేదంటున్నడు మాస్టర్. దేన్ని మాఫ్ చెయ్యాలె?"

ఆయనతో ఆ మాట చెప్పించలేకపోయినా, కనీసం ఎవరి ముక్కలు వాళ్లకు తిరిగి ఇస్తే కోపం చల్లారుతుందేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం సజ్జ మీది సంచులన్నీ దించి, వెనక వాకిట్లో కుప్ప పోసి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుతూ కూర్చున్నాను. ఇది ఆర్ట్ అన్న మేడమ్‌ది, ఇది ఖాలా రెండో కోడలిది, ఇది ఎవరిదో చచ్చినా గుర్తురాదు. అలా ఏరుతూ ఏరుతూ అన్నింటికంటే పాత సంచి అడుగుకు పోయాను. అక్కడ కాగితంలో చుట్టిన ఒక మడత ఉంది. విప్పాను. చిలకపచ్చ పట్టు, మామిడిపిందెల బుటా, అరచేతి వెడల్పు అంచు.

తన పెళ్లి జాకెట్టు గుడ్డను గుర్తుపట్టడానికి ఆడదానికి కంటి ఆపరేషను అక్కర్లేదు.

మా నాయిన కరెంటాఫీసులో లైన్‌మన్. నా పెళ్లికి చీర మీదికి జాకెట్టు గుడ్డ కోసం పత్తర్‌గట్టిలో ఒక్క దుకాణం వదలకుండా తిరిగాడు. మోచేతుల దాకా చేతులు, చేతుల చివర అంచు. అప్పట్లో అదే ఫ్యాషను, అదే కావాలని నేను నోరు తెరిచి అడిగాను. పెళ్లికొడుకే టైలరు కాబట్టి ఇంకొకరికి ఇవ్వడమేమిటని, ఆ గుడ్డనూ కొలత కోసం నా ఆది జాకెట్టునూ వాళ్లింటికే పంపారు. జాకెట్టు తిరిగొచ్చింది. చేతులు భుజాల మీద టోపీల్లాగా ఉన్నాయి. గుడ్డ తక్కువ పడిందని కబురు. పెళ్లి ఫొటోల్లో నేను చీర కొంగును రెండు భుజాల మీదుగా లాక్కుని, చలి జ్వరం వచ్చినదానిలా కూర్చున్నాను. మా అత్తగారైతే బతికున్నన్నాళ్లూ ఏ పెళ్లికి పోయినా, "దీని నాయిన జాకిట్ గుడ్డ కాడ గూడ పిసినారితనం చేసిండు" అని పదిమందిలో చెప్పేది. మా నాయిన వింటుండగా కూడా చెప్పింది. "నేను పూర్తిగనే తెచ్చిన బిడ్డా, జానెడు ఎక్కువనే కొలిపించిన" అని ఆయన నాతో అన్నాడు. ఇంకోసారి కూడా అన్నాడు. నమ్మినవాళ్లు లేరు. తర్వాత అనడం మానేశాడు. మా ఇంటికి వచ్చినప్పుడు ఈ ముందుగదిలో కూర్చునేవాడు కాదు, వంటింటి గడప మీద కూర్చుని చాయ్ తాగి పోయేవాడు. ఆయన పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఆ ముక్కను రెండు చేతులా పట్టుకుని చూశాను. మోచేతుల దాకా రెండు చేతులకూ సరిగ్గా సరిపోతుంది, అంచుతో సహా. నాకు ఏడుపు వచ్చింది. తర్వాత కోపం వచ్చింది. కోపం వచ్చాక ఏడుపు ఆగిపోయింది.

దుకాణంలోకి పోయాను. మా ఆయన ఒక్కడే ఉన్నాడు.

"మాస్టర్" అన్నాను.

తల ఎత్తి నా చేతిలో ఉన్నదాన్ని చూశాడు. కింద పెట్టిన కత్తెరను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"నీ గుర్తుకని దాచుకున్న" అన్నాడు మెల్లగా. "లగ్గం కాకముందు నిన్ను ఒక్కసారే చూసిన గదా."

అబద్ధమెందుకు, ఒక్క క్షణం నా మనసు కరిగింది. ఇన్నేళ్లలో ఆయన నాతో అంత మెత్తటి మాట మాట్లాడి ఎరగడు. తర్వాత ఆ గుడ్డను బల్ల మీద పూర్తిగా పరిచాను.

"గుర్తుకైతే జేబురుమాలంత సాలదా? రెండు చేతులు మొత్తం ఉంచుకున్నవేంది?"

ఆయన గుడ్డ మూల మడత సవరించాడు.

"మీ అమ్మ మా నాయినను గన్ని మాటలంటుంటే పక్కనే కూసున్నవ్ గదా. అన్నం తింటనే ఉన్నవ్ గదా."

ఆ తర్వాత నేను ఆయనకు అన్నం పెట్టాను కానీ ఆయనతో మాట్లాడలేదు. గోడ మీద బల్లితో మాట్లాడాను, ఆయనతో మాట్లాడలేదు.

ఆ పచ్చ పట్టుతో ఒక బొంత మొదలుపెట్టాను. గుడ్డల దుకాణం, దుకాణం ముందు మా నాయిన. నాయిన డ్రస్సుకు ఖాకీ కావాలి. సంచుల్లో దొరకలేదు. మా ఆయన పెట్టెలో పెళ్లిళ్లకు వేసుకునే ఖాకీరంగు ప్యాంటు ఒకటుంది, మంచిదే. దాని కాలు కత్తిరించాను. అడగలేదు. జేబులోంచి కటింగ్ ప్లేయరు పైకి కనపడేటట్టు కుట్టాను, అది లేకుండా ఆయన ఎప్పుడూ బయటికి పోలేదు. కళ్లూ ముక్కూ నాకు కుట్టడం రాదు, పెట్టలేదు. రెండు చేతులు బార్లా చాపి పచ్చ గుడ్డను పట్టుకున్నట్టు కుట్టాను. గుడ్డ బొంతకు ఈ చివర నుంచి ఆ చివర దాకా వచ్చింది. ఇంకా మిగిలితే కత్తిరించలేదు, అంచు దాటి కిందికి వేలాడనిచ్చాను.

కటింగు బల్లకు సరిగ్గా ఎదురుగా, ఆయన తల ఎత్తితే కనపడే చోట, నేనే స్టూలు ఎక్కి మొల కొట్టాను. ఆయన చూశాడు. అది ఎవరో నేను చెప్పాల్సిన పని లేదు. ఆ రోజు నుంచి తల వంచుకునే పని చేశాడు, చేయడానికి పని కూడా పెద్దగా లేదు.

రంజాన్ నెల మొదలవడానికి కాస్త ముందు, బహదూర్‌పురా నుంచి ఒకామె కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. మా లొల్లి ఆమెకు తెలియదు. చేతిలో బట్టల మూట ఉంది. మూట చూసి మా ఆయన మొహం వెలిగింది. ఖాలా కూడా అక్కడే పీట మీద ఉంది, బట్టలు ఇవ్వడం మానేసింది కానీ రావడం మానలేదు. నేను మూలన కూర్చుని ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాను. బిడ్డ కొలతలు తీస్తుంటే, వచ్చినామె గోడలన్నీ చూస్తూ చూస్తూ పచ్చ బొంత దగ్గర ఆగింది.

"గీ పెద్దమనిషెవరు మాస్టర్? గింత గుడ్డ పట్టుకున్నడు?"

నేను తల ఎత్తలేదు. సూది గుచ్చిన చోటే ఉంది. ఏదో బొమ్మ అని చెప్పొచ్చు. మా ఇంటామె పిచ్చి అని చెప్పొచ్చు. ఎదురుగా కొత్త కస్టమరు, చేతిలో మూట, రంజాన్ నెల గుమ్మంలో ఉంది. ఖాలా నోరు తెరవబోయి, నా మొహం చూసి మూసుకుంది.

మా ఆయన మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"మా మామ" అన్నాడు. "మా లగ్గానికి జాకిట్ గుడ్డ తెచ్చిండు. పూర్తిగ తెచ్చిండు. తక్కువ పడలే. తక్కువ పడిందని నేనే అన్న."

కొత్తగా వచ్చినామె తన మూటను మెల్లగా దగ్గరికి లాక్కుంది.

"మరి మా గుడ్డ?" అంది.

"మీ ముంగటనే కత్తిరిస్త. కూసోండ్రి," అన్నాడు. తర్వాత ఖాలా వైపు తిరిగాడు. "ఖాలా, నీ బిడ్డ షరారా గుడ్డ గూడ తక్కువ పడలే."

ఖాలా మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి ఇంటికి పోయింది, మనవరాలి మూట తెచ్చి బల్ల మీద పడేసింది. "ఘేరు పూర్తిగ ఉండాలె" అంది. పీటను బల్ల దగ్గరికి జరుపుకుని, కత్తెరకు ఎదురుగా కూర్చుంది. సాయంత్రానికి ఇంకో మూట వచ్చింది, మర్నాడు ఇంకొన్ని. ఆ రంజాన్ అంతా ఆయన కత్తిరిస్తుంటే ఎవరి గుడ్డ ముందు వాళ్లు కూర్చుని చూశారు. ఆ తిప్పలు నేను తర్వాత చూశాను.

ఆయన ఆ మాట అన్నప్పుడు మాత్రం నేను హుక్కులు పక్కన పెట్టి లేచి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు. గడప మీద కూర్చున్నాను.

"ఇన్నవా నాయినా?" అని పైకే అడిగాను.